ఇంట్రడ్యూసర్ సంతకం

పాత బ్యాంకు ఫారాల్లో ఒక గడి ఉండేది: ఇంట్రడ్యూసర్ సంతకం. ఆ బ్రాంచిలో ముందే ఖాతా ఉన్నవాళ్ళెవరైనా "ఈయన నాకు తెలుసు" అని సంతకం పెడితేనే పని జరిగేది. డబ్బు మనది, దాచుకునేది మనం, అయినా మనల్ని ఎరిగినవాడొకడు కావాలి. పల్లెలో అలాంటివాళ్ళు ఎవరుంటారు? కరణమో, మేష్టారో, ఎరువుల షాపాయనో. కూలికెళ్ళే మనిషి వాళ్ళ గడప దగ్గర నిలబడాల్సిందే.

1969 జూలై 19న 14 బ్యాంకులు జాతీయమయ్యాయి. పట్టాభి సీతారామయ్య 1923లో బందరులో పెట్టిన ఆంధ్రా బ్యాంకు వంతు 1980లో వచ్చింది. ఈ కథ చెప్పేవాళ్ళు ఎక్కువగా ఇందిర, మొరార్జీల గొడవ దగ్గరే ఆగిపోతారు. నాకు మాత్రం ఆ గడి మీదే ఆసక్తి. బ్రాంచి ఊళ్ళోకి వచ్చినా గడి పోలేదు.

2005లో రిజర్వు బ్యాంకు 'నో ఫ్రిల్స్' ఖాతాలు తెరవమంది. నిల్వ సున్నా అయినా సరే. మంచి ఆలోచన, పాడు పేరు. ఆ పేరే ఓ మచ్చలా తయారైందని 2012 ఆగస్టులో 'బేసిక్ సేవింగ్స్ బ్యాంక్ డిపాజిట్ అకౌంట్' అని మార్చింది. నోరు తిరగదు గానీ అవమానం లేదు. అదే డిసెంబరులో, ఇంట్రడక్షన్ కోసం పట్టుబట్టొద్దని బ్యాంకులకి చెప్పింది. మనిషి సాక్ష్యం పోయి కాగితం సాక్ష్యం మిగిలింది. అదీ లేనివాళ్ళకి చిన్న ఖాతా ఉంది: ఫొటో, అధికారి ఎదుట సంతకమో వేలిముద్రో చాలు. నిల్వ 50,000 దాటకూడదు, నెలకి 10,000కి మించి తియ్యకూడదు. 2014లో జనధన్ ఈ పునాది మీదే లేచింది.

బేసిక్ ఖాతా పేదలకే అనుకుంటారు చాలామంది. కాదు, ఎవరైనా అడగొచ్చు. కనీస నిల్వ లేదు, ఏటీఎం కార్డు ఉచితం, నెలకి కనీసం 4 సార్లు డబ్బు తీసుకోడమూ ఉచితమే. అదే బ్యాంకులో ఇంకో సేవింగ్స్ ఖాతా మాత్రం ఉండకూడదు. కానీ కౌంటర్లో ఊరికే "ఖాతా" అంటే చేతికొచ్చేది మామూలు సేవింగ్స్ ఫారం. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ మాటల్లో అది డిఫాల్ట్.

మా క్యాంటీన్లో గిన్నెలు తోమే ఆవిడది అలాంటి ఖాతానే. కనీస నిల్వ లేదని జీతంలోంచి జరిమానా పోతోంది. బేసిక్‌లోకి మార్చమని రాసివ్వచ్చని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. దరఖాస్తు తెలుగులోనే రాశాం. నాలుగు వాక్యాలు పట్టింది.