కానేషుమారి

జనాభా లెక్కను మన పెద్దలు కానేషుమారి యనెడివారు. ఇది పారసీకమునుండి వచ్చిన మాట. ఖానా యనగా ఇల్లు, షుమారు అనగా లెక్క. పూర్వపు పద్ధతి ఆ పేరులోనే యున్నది. ఇండ్లను లెక్కించి, ఇంటికి సగటున నింతమందియని గుణించినచో గ్రామ జనసంఖ్య తేలును. కంపెనీవారి కాలమున నీ భారము కరణములపై బడెను. మగ్గముపై పన్ను, ఇంటిపై పన్ను ఉన్న ఆ దినములలో, సర్కారు మనిషి వచ్చి ఇంట నెందరని యడిగినప్పుడు గృహస్థుడు ఉన్నదున్నట్లు చెప్పునని తలచుట అమాయకత్వము. కనుక ఆ సంఖ్యలను మనము కొంచెము జంకుతోనే చేపట్టవలయును.

అయినను వానిని త్రోసిపుచ్చరాదు. రాజమహేంద్రవరము జిల్లాలో 1821 ప్రాంతమున 7 లక్షల 38 వేలమంది యుండిరనియు, 1841 నాటికి 5 లక్షల 61 వేలమందియే మిగిలిరనియు నాటి లెక్కలు చెప్పుచున్నవి. ఆ నడుమ 1832-33లో నందన కరవు వచ్చినది. పొరుగున నున్న గుంటూరు జిల్లాలోనే సుమారు 5 లక్షల జనులలో 2 లక్షలమంది నశించిరని అంచనా. కరణముల లెక్కలో వేలు తప్పియుండవచ్చును గాని, ఇంతటి క్షయము వారు కల్పించినది కాదు.

ఇప్పుడొక గణితజ్ఞుడు 1841లో గూర్చుండి త్రైరాశికము వేసెననుకొందము. ఇరువదేండ్లలో 1 లక్ష 77 వేలు తగ్గినచో, తక్కిన 5 లక్షల 61 వేలు తగ్గుట కెన్నియేండ్లు పట్టును? సుమారు అరువదిమూడేండ్లు. అనగా 1904 నాటికి జిల్లా నిర్మానుష్యము కావలెను! లెక్కలో తప్పు లేదు. కాని 1847లో కాటన్ దొర ధవళేశ్వరమువద్ద ఆనకట్ట మొదలిడెను, 1852లో నది ముగిసెను. 1901లో గోదావరి జిల్లా జనసంఖ్య 23 లక్షలు. 1859లో జిల్లాల సరిహద్దులు మారినవి గనుక ఈ రెండు సంఖ్యలను నేరుగా పోల్చరాదు. ఎల్లలు చూడక అంకెలు పోల్చుట ఈ శాస్త్రమున మిక్కిలి సాధారణమైన పొరపాటు. ఎల్లల మార్పు నెంత మినహాయించినను, త్రైరాశికము చూడలేనిది నీరు చూపినది.

కర్నూలు కథ దీనికి విలోమము. 1871లో మద్రాసు రాజధానియం దంతటను జనులను లెక్కించిరి. రాజధాని మొత్తము 3 కోట్ల 12 లక్షలని తేలెను. ఆ నివేదికను వ్రాసినవాడు కార్నిష్ అను వైద్యుడు. ఆ సంఖ్యలను జూచినవా డెవ్వడైనను రాబోవు దశాబ్దమునకు వృద్ధినే యూహించియుండును. 1876లో ధాత కరవు వచ్చెను. పనిలో జేరిన కూలికి దినమునకు పౌను ధాన్యము ప్రాతిపదికగా కూలి నిర్ణయించిన టెంపుల్ దొర పద్ధతిని, అది ప్రాణము నిలుపజాలదని యెదిరించినవాడు ఈ కార్నిషే. అప్పుడతడు పారిశుద్ధ్య కమిషనరు. లెక్కించిన జనులు కన్నులముందు రాలిపోవుట అతడు చూచెను.

ఎందరు చచ్చిరి? గ్రామపు మరణ పుస్తకము చెప్పవలెను. కాని ఆ పుస్తకము వ్రాయవలసిన గ్రామోద్యోగులు, కబురు తెచ్చు వెట్టివాండ్రు కూడ కరవులోనివారే. కొందరు వలసపోయిరి, కొందరు మరణించిరి. మృత్యువు మిక్కుటమైనచోటనే పుస్తకము ఖాళీగా నుండెను. త్రోవప్రక్కను బడినవానికి గ్రామమే లేదు, వాని నెవ్వరు వ్రాయుదురు? అందుచేత 1878లో కరవు జిల్లాల కొన్ని తాలూకాలలో జనులను మరల లెక్కించి చూచిరి. 1881 గణనములో కర్నూలు జిల్లా జనులు నాలుగింట నొకవంతు తగ్గినట్లు బయలుపడెను. అందులో చచ్చినవా రెందరు, దేశాంతరము పోయినవారెందరు అని విడదీయుట కాధారము లేకపోయెను. లేనివారి సంఖ్య తీసివేతవలననే తెలిసినది.

గృహములలోని మరుగు వేరొకటి. పరపురుషునితో స్త్రీ పేరు చెప్పుట కిష్టపడనిచోట ‘స్త్రీ’ యని మాత్రము వ్రాసికొన్న కాలమొకటి యుండెను. వయస్సులు నేటికిని ఇరువది, ముప్పది, నలువది దగ్గర గుమిగూడుచుండును. శారదా చట్టము 1930 ఏప్రిలులో నమలులోనికి వచ్చునని తెలిసి, తలిదండ్రులు బాలికల పెండ్లిండ్లు తొందరగా గానిచ్చిరి. 1931 గణనములో పెండ్లియైన బాలికల సంఖ్య అసాధారణముగా హెచ్చెను. ఆ సంఖ్య జూచి చట్టము దుర్వ్యసనమును పెంచెనని వాదించుటయు, జూడక సంస్కరణ జయించెనని చాటుటయు రెండును తప్పే. అది యొక్క సంవత్సరపు భయమునకు గుర్తు.

గణనమునకును గణనమునకును నడుమ నంచనాలే గతి. ముందటి సంఖ్యకు పుట్టినవారిని గూడి, చచ్చినవారిని దీసి, వచ్చినవారిని పోయినవారిని సరిచూడవలెను. జననమరణములకు పుస్తకము గలదు, వలసకు లేదు. పాలమూరునుండి పనికై పోయిన కుటుంబము ఊరి లెక్కలోనా, నగరపు లెక్కలోనా? ఒక జిల్లా చిన్నదైనకొలది ఈ ప్రశ్న పెద్దదగును. దేశమునకు నూటికొకటి తప్పు స్వల్పము, ఒక మండలమునం దదే వలస సగము గ్రామమును దారుమారు చేయును.

2021లో జరుగవలసిన గణనము మహమ్మారివలన నాగినది, దానిని 2027నకు నిర్ణయించినారు. 2013 నాటి ఆహార భద్రతా చట్టము క్రింద ప్రతి రాష్ట్రమున నెందరికి ధాన్యము చెందవలెనో 2011 జనసంఖ్యనుబట్టి లెక్కగట్టిరి. ఆ యేటి తరువాత బుట్టిన బిడ్డలు బడికి బోవుచున్నారు. చౌక దుకాణపు మొత్తములో మాత్రము వారి రాక యింకను చేరలేదు.