రగ్బీ స్క్రమ్‌లో పని విభజన: 1905 పర్యటన

రెండు జట్ల ఫార్వర్డ్‌లు బంతి కోసం భుజాలు ఆనించి నెట్టుకునే స్క్రమ్‌ను మీరు వట్టి బలప్రదర్శన అనుకోవచ్చు. 1905లో బ్రిటన్ వెళ్లిన న్యూజిలాండ్ జట్టును గమనించండి. అప్పటి బ్రిటిష్ జట్లలో ఎనిమిది మంది ఫార్వర్డ్‌లకు నిర్ణీత స్థానాలు సాధారణంగా ఉండేవి కావు; ముందు చేరినవాడే ముందు వరుస. న్యూజిలాండ్ వారు ఏడుగురినే 2-3-2 వరుసల్లో నిలిపి, ఎవరి పని వారికి అప్పగించారు. మిగిలినవాడు వింగ్ ఫార్వర్డ్, కెప్టెన్ డేవ్ గాలహర్. బంతిని స్క్రమ్‌లోకి వేసి, పక్కనే నిలబడి, వెనుక దాన్ని అందుకునే హాఫ్‌బ్యాక్‌కు అడ్డుగోడ అయ్యేవాడు. ఇది అక్రమమని బ్రిటిష్ విమర్శకులు మండిపడ్డారు. ఆ ఫిర్యాదులో కొంత న్యాయం లేకపోలేదు. అయినా 35 ఆటల్లో వారు ఓడింది ఒక్కటే, కార్డిఫ్‌లో 0-3తో. ఆ రోజు వేల్స్ కూడా ఏడుగురు ఫార్వర్డ్‌లనే దింపింది! ముందు వరుసలో ముగ్గురుండాలన్న నియమం 1930ల ఆరంభంలో వచ్చాకే 2-3-2 పద్ధతి ముగిసింది.