నాడి

నేరేడ్‌మెట్‌లో ఎవరైనా కళ్లు తిరిగి పడితే పక్కవాళ్లు ముందు మణికట్టే పట్టుకుంటారు, నాడి ఆడుతోందా అని. సంస్కృతంలో నాడి అంటే గొట్టం, బోలు కాడ. ఇరవై నాలుగు నిమిషాల ఘడియకూ అదే పేరు. బడి పుస్తకాల్లో నాడులంటే నరాలు. మంచం పక్కన మాత్రం నాడి రక్తానిదే.

ఈ నాడిని చూడటం మీద హైదరాబాద్‌లో ఒకప్పుడు పెద్ద వాదమే నడిచింది. మత్తుకు క్లోరోఫాం ఇచ్చేటప్పుడు చూడాల్సింది నాడిని కాదు, ఊపిరిని అన్నాడు రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ. అది తేల్చడానికి 1888లో ఒక కమిషన్ కూర్చుంది. 1889లో నిజాం ఖర్చుతో రెండోది కూర్చుని, జంతువుల రక్తపోటును గీతలుగా గీయించి మరీ లారీ మాటే నిజమంది. క్లోరోఫాం నేరుగా గుండెనూ ఆపగలదని తర్వాత తేలింది. తీర్పు నిలవలేదు గానీ, పోటును గీతగా చూడటం నిలిచింది.

ఇప్పుడు ఐసీయూలో మణికట్టు ధమనిలోకే సన్నని గొట్టం పెడతారు. నాడిలో నాడి! తెర మీద గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఒక అల. ఆ పోటును కొలిచే ట్రాన్స్‌డ్యూసర్ గుండె ఎత్తునే ఉండాలి. 10 సెంటీమీటర్లు కిందికి జారితే పోటు సుమారు 7 పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. మంచం ఎత్తు మార్చిన ప్రతిసారీ నర్సు దాన్ని సరిచూస్తుంది. అంకె బాగానే ఉన్నా పేషెంటు చేతులు చల్లబడితే డాక్టర్‌ను పిలుస్తుంది.