నరం చిట్లిందంటారు

"మెదడులో నరం చిట్లింది" అన్న మాట వినని తెలుగిల్లు ఉండదు. తెలుగు పాఠాలు చెప్పి బతికినవాణ్ణి కనుక ఆ మాట మీద నాకొక అభ్యంతరం ఉన్నది. చిట్లేది నరం కాదు, రక్తనాళం. వాడుకలో రెంటికీ ఒకటే పేరు పెట్టుకున్నాం. అంతకన్నా పెద్ద చిక్కేమంటే, నెత్తురు మెదడు లోపల చిమ్మినా, మెదడు చుట్టూ చేరినా అదే మాట అంటాం. వాటి కారణాలు వేరు.

మన పాఠ్యపుస్తకాలు మెదడు పొరలకు చక్కని పేర్లు పెట్టాయి. పైది వరాశిక, వరాశి అంటే ముతకబట్ట. నడిమిది లౌతికళ, లూత అంటే సాలెపురుగు. లోపలిది మృద్వి. నెత్తురు ఏ పొర కింద చేరిందన్నదే అసలు ప్రశ్న.

వరాశిక కింద చేరే నెత్తురును జర్మనీ వైద్యపండితుడు విర్కో 1857లో పొర వాపువల్ల పుట్టే జబ్బుగా భావించాడు. మూలం వాపు కాదు, తలకు తగిలిన దెబ్బ అని 1914లో ఇంగ్లండు శస్త్రవైద్యుడు విల్‌ఫ్రెడ్ ట్రాటర్ వాదించాడు. వయసు మీరితే మెదడు కుంచించుకుపోయి, దాన్ని వరాశికతో కలిపే సన్నని సిరలు సాగి బిగుస్తాయి. అప్పుడు చిన్న దెబ్బ చాలు, నెత్తురు వారాల తరబడి ఊరుతుంది. ఈలోగా మనిషి ఆ దెబ్బనే మరచిపోతాడు. మితిమీరిన మద్యమూ, రక్తం పలుచబడే మాత్రలూ ఈ ముప్పును పెంచుతాయి.

లౌతికళ కింది నెత్తురు కథ వేరు. తలకు గట్టిదెబ్బ తగిలినప్పుడే కాక, ఏ దెబ్బా లేకుండానూ అది రావచ్చు. మెదడు అడుగున ధమని గోడ బలహీనపడి బుడగలా ఉబ్బి ఒకనాడు పగులుతుంది. నెత్తిన పిడుగు పడ్డట్టు క్షణంలో తలనొప్పి వస్తుంది. ఈ జబ్బును మనిషి బతికుండగానే లక్షణాలను బట్టి గుర్తించవచ్చని లండన్ వైద్యుడు ఛార్లెస్ సైమండ్స్ 1923, 1924 సంవత్సరాలలో వ్యాసాలు వ్రాశాడు. మన విశాఖపట్నంలో వైద్య కళాశాల వెలసిందీ ఆ 1923లోనే.

ఈ బుడగ పగలడానికి దోహదం చేసేవాటిలో ముఖ్యమైనవి అధిక రక్తపోటు, పొగాకు పొగ. కొన్ని కుటుంబాలలో ఇది వంశపారంపర్యం. పురుషులకన్నా స్త్రీలలో ఎక్కువ. మన ఉత్తరాంధ్ర తీరంలో ఆడవారు చుట్ట నిప్పును నోటిలోపల ఉంచుకొని కాల్చే 'అడ్డపొగ' అలవాటును అంగుటి క్యాన్సరుకు కారణమని వైద్యులు ఏనాడో గుర్తించారు. చుట్టను ఏ వైపునుండి పీల్చినా పొగ ధమనులకు మేలు చేయదు.

ఇక దెబ్బ సంగతి. 1933లో ఓడరేవు, తరువాత ఉక్కు కర్మాగారం వచ్చి ఈ ఊరికి హెల్మెట్ నేర్పాయి. మా బావగారు కర్మాగారంలో పనిచేసినన్నాళ్ళూ అది లేనిదే లోపలికి అడుగుపెట్టలేదు. విశ్రాంతి తీసుకున్న తరువాత, స్వగ్రామంలోని పాతింటి పొట్టి గుమ్మం ఆయన తలకు తగిలింది. బొప్పి కూడా కట్టలేదు. నెల తిరిగేసరికి మాట తడబడింది, చెప్పిందే చెప్పసాగారు. చాదస్తమని నవ్వుకున్నాం. నవ్వినవారిలో నేనూ ఉన్నాను. గుండెకోసం ఆయన రక్తం పలుచబడే మాత్రలు వాడుతున్న సంగతి మాకు తెలిసినదే.

ఒకనాడు కుడికాలు ఈడ్చడం చూసి ఆసుపత్రికి తీసుకువెళ్ళాం. "ఈమధ్య తలకేమైనా తగిలిందా?" అని వైద్యుడడిగితే అందరం లేదన్నాం. కాసేపటికి అక్కయ్యకు ఆ గుమ్మం గుర్తుకు వచ్చింది. స్కానింగులో వరాశిక కింద నెత్తురు కనిపించింది. పుర్రెకు చిన్న రంధ్రం వేసి తీశారు. వారంలో బావగారు మళ్ళీ నా వ్యాకరణాన్ని తప్పుపట్టసాగారు.

విర్కో అంతటివాడే పొరబడ్డాడని నన్ను నేను సమాధానపరచుకోవచ్చు. కానీ ఆయన కాలంలో స్కానింగు లేదు, మాకు ఉన్నది. కనుక మిత్రులకు నా మనవి: పెద్దలలో కొత్తగా మతిమరుపు, మగత, నడక తడబాటు కనిపిస్తే చాదస్తమనకండి, తలకేమైనా తగిలిందేమో అడిగి, వైద్యునికి చూపించండి. పిడుగులాంటి తలనొప్పి వస్తే మాత్రం ఒక్క గడియైనా ఆగకండి.