పద్దెనిమిదో ఏటి గీత

బ్రిటిష్ ఇండియాకు మొదటి మోటారు వాహనాల చట్టం 1914లో వచ్చింది. అప్పటికి మన ప్రాంతాల్లో మోటారు కారంటే జమీందార్ల దివాణాల్లోనూ దొరల బంగళాల్లోనూ కనిపించే వింత. అయినా పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు బహిరంగ స్థలంలో బండి నడపరాదని ఆ చిన్న చట్టం అప్పుడే తేల్చేసింది. 1939 చట్టం ఆ మాటనే నిలబెట్టింది. 1988 చట్టమూ, గేరు లేని మోటారు సైకిలుకు (1994 సవరణ తర్వాత 50 సీసీ మించనిదానికి) పదహారేళ్లు చాలని ఒక చిన్న వెసులుబాటు ఇచ్చి, మిగతాదంతా అలాగే ఉంచింది. నూట పదేళ్లలో బండి మారింది, రోడ్డు మారింది, వేగం ఎన్నో రెట్లయింది. అంకె మాత్రం కదల్లేదు. ఆ అంకెలో తప్పు లేదు. దానికి అటూ ఇటూ ఏమీ లేకపోవడమే తప్పు. పదిహేడేళ్ల పదకొండు నెలల కుర్రాడికి సంపూర్ణ నిషేధం, నెల తిరిగి లైసెన్సు చేతికొస్తే సంపూర్ణ స్వేచ్ఛ. ఘోర ప్రమాదం జరిగి దేశం అట్టుడికిన ప్రతిసారీ గీతకు ఇవతలి వైపు శిక్షలు పెంచుతూ వచ్చాం. అవతలి వైపు, అంటే చేతికి కొత్తగా లైసెన్సు వచ్చిన తొలి ఏడాదిని, పట్టించుకోలేదు. యువ చోదకుల మరణాలను నిజంగా తగ్గించిన దేశాలు పని మొదలుపెట్టింది మాత్రం అక్కడే.

50 సీసీ వెసులుబాటుకు పట్టిన గతి చెప్పుకోదగ్గది. 1972లో లూనా, 1980లో టీవీఎస్ 50 వచ్చాక మోపెడ్ మధ్యతరగతి ఇంటి బండి అయింది. తల్లిదండ్రులు రాతపూర్వకంగా ఒప్పుకుంటే పదహారేళ్ల పిల్లలకు అలాంటి బండికి లైసెన్సు ఇవ్వవచ్చని 1988 చట్టం చెప్పినప్పుడు, ఆ మాటకు సరిపోయే బండ్లు రోడ్డు మీద ఉన్నాయి. ఆ తర్వాత కంపెనీలు 50 సీసీని వదిలేశాయి. 2000 తర్వాత పిల్లల చేతికి వచ్చినవి 90, 110 సీసీల గేరు లేని స్కూటర్లు. చట్టంలో వెసులుబాటు మిగిలింది, దానికి తగిన బండి మిగల్లేదు. ఇంటర్ చదివే పిల్ల స్కూటీ మీద కోచింగ్‌కు వెళ్తే చట్టం దృష్టిలో అది నేరం, ఇంట్లోవాళ్ల దృష్టిలో రోజువారీ అవసరం. ఇంకో చిత్రం: 250 వాట్లు, గంటకు 25 కిలోమీటర్లు మించని ఎలక్ట్రిక్ బండి మన నిబంధనల ప్రకారం మోటారు వాహనమే కాదు. దానికి లైసెన్సు అక్కర్లేదు. పదహారూ పదిహేడేళ్ల వయసును నేర్చుకునే కాలంగా చూసిన ఒకే ఒక్క వాక్యం ఇలా వాడుకలో లేకుండా పోతే, దాన్ని కాలానికి తగ్గట్టు తిరగరాసినవాళ్లు లేరు.

శిక్షల చరిత్ర వేరే దారిలో నడిచింది. 1988 చట్టంలో అర్హత లేనివాళ్లకు బండి ఇచ్చిన యజమానికి మూడు నెలల జైలో వెయ్యి రూపాయల జరిమానానో ఉండేది. హైదరాబాద్‌లో 2018లో, ఇంకా చట్టం మారకముందే, మైనర్లకు బండి ఇచ్చిన తండ్రులను కోర్టులు ఒకటి రెండు రోజులు జైలుకు పంపిన కేసులున్నాయి. అంతకు రెండేళ్ల ముందు, 2016 ఏప్రిల్‌లో, ఢిల్లీ సివిల్ లైన్స్‌లో ఒక మెర్సిడెస్ కారు రోడ్డు దాటుతున్న యువకుణ్ని గుద్ది చంపింది. నడిపినవాడికి పద్దెనిమిది నిండడానికి ఇంకా కొద్ది రోజులే ఉంది. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కనీసం ఏడేళ్ల శిక్ష విధించాలని చట్టం చెప్పని నేరాన్ని బాల నేరస్థుల చట్టం కింద హేయ నేరంగా లెక్కించలేమని 2020 జనవరిలో కోర్టు తేల్చింది. మోటారు వాహనాల సవరణ బిల్లు పార్లమెంటు ముందుకు వచ్చింది కూడా 2016 ఆగస్టులోనే. ఒకదాని వల్లే రెండోది వచ్చిందని అనలేం గానీ, గాలి మాత్రం అదే. చివరికి 2019లో బిల్లు చట్టమై, అందులోని 199ఎ సెక్షన్ సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. మైనర్ బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడో యజమానో చేసినట్టే లెక్క. మూడేళ్ల దాకా జైలు, పాతిక వేల జరిమానా, ఏడాదిపాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. ఆ మైనర్‌కు పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు లేదు. తమకు తెలియకుండా జరిగిందనో, ఆపడానికి తగిన జాగ్రత్తలు తీసుకున్నామనో నిరూపించుకునే బాధ్యత కూడా పెద్దలదే.

ఇంత కఠినమైన సెక్షన్ వచ్చిన అయిదేళ్లకు, 2024 మే 19 తెల్లవారుజామున, పుణె కల్యాణీనగర్‌లో పోర్షె కారు ఢీకొని బైకు మీద వెళ్తున్న ఇద్దరు యువ ఇంజనీర్లు చనిపోయారు. కారు నడిపింది పదిహేడేళ్ల కుర్రాడని, మద్యం తాగి ఉన్నాడని పోలీసుల అభియోగం. మూడు వందల మాటల వ్యాసం రాయమన్న షరతుతో వచ్చిన బెయిలు మీద దేశమంతా మండిపడింది. ఆ కోపం న్యాయమైనదే. కానీ కోపం అడిగిన ప్రశ్న ఒక్కటే: ఎంత శిక్ష? అర్ధరాత్రి దాటాక, పక్కన స్నేహితులతో, కొత్త చేతులు శక్తివంతమైన కారును నడిపితే ఏమవుతుందన్న ప్రశ్నను పెద్దగా ఎవరూ అడగలేదు. వేళ అర్ధరాత్రి కాకపోయినా, దానికి 2016 జులై 1న హైదరాబాద్ పంజాగుట్టలో ఒకసారి జవాబు వచ్చింది. తాగిన ఇంజనీరింగ్ విద్యార్థుల కారు అదుపు తప్పి మరో కారు మీద పడి, ఒక కుటుంబంలో చిన్నారితో సహా ముగ్గురు బలయ్యారు. ఆ కారు నడిపినవాడు మైనర్ కాదు. 199ఎ అప్పటికే ఉండి ఉన్నా ఆ కుటుంబానికి అది అడ్డు నిలిచేది కాదు.

ఇక్కడ ప్యాట్రీషియా వాలర్‌ను తలచుకోవాలి. అమెరికాలో నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయ పరిశోధకురాలైన ఆమె 1970లలో ఒక మామూలు మాటను పట్టుదలగా చెప్పారు. బండి నడపడం నడిపితేనే వస్తుంది, కానీ నేర్చుకునే రోజుల్లోనే ప్రాణాపాయం ఎక్కువ. కాబట్టి కొత్తవాళ్లను ముందు తక్కువ ప్రమాదం ఉన్న వేళల్లో నడపనివ్వాలి, మిగతా వేళలను తర్వాత తెరవాలి. ఆ ఆలోచనను పూర్తిస్థాయిలో మొదట అమలు చేసింది న్యూజిలాండ్. 1987 ఆగస్టు నుంచి అక్కడ లైసెన్సు మూడు దశలు: లెర్నర్, పరిమిత, పూర్తి. పరిమిత దశలో రాత్రి పది నుంచి ఉదయం అయిదు దాకా ఒంటరిగా నడపకూడదు, అనుభవజ్ఞుడు పక్కన లేకుండా స్నేహితులను ఎక్కించుకోకూడదు. 1996లో వెలువడ్డ పరిశీలన ప్రకారం 15 నుంచి 19 ఏళ్లవారిలో కారు ప్రమాద గాయాలు సుమారు 23 శాతం తగ్గాయి. కెనడాలో ఆంటారియో 1994లో, అమెరికాలో ఫ్లోరిడా 1996లో ఈ బాట పట్టాయి. 1997 డిసెంబరులో నార్త్ కరొలైనా ఏడాది పాటు పెద్దల పర్యవేక్షణలో నడపడం, తర్వాత రాత్రి తొమ్మిది దాటితే ఒంటరిగా నడపకపోవడం అనే నియమాలు పెట్టింది. అక్కడ పదహారేళ్లవాళ్ల ప్రాణాంతక ప్రమాదాలు 57 శాతం, రాత్రి ప్రమాదాలు 43 శాతం పడిపోయాయి.

రాత్రి, స్నేహితులు: ఈ రెండు షరతులే ఎందుకంటే లెక్కలు అటే చూపించాయి. 2000లో వచ్చిన ఒక అధ్యయనంలో, ముగ్గురూ అంతకంటే ఎక్కువ మందీ ఎక్కినప్పుడు పదహారేళ్ల చోదకుడి మరణావకాశం ఒంటరిగా నడిపినప్పటి కంటే 2.8 రెట్లు తేలింది. కారులో తల్లీతండ్రీ ఉంటే కుర్రాళ్లు ఎలా నడుపుతారో, నలుగురు దోస్తులుంటే ఎలా నడుపుతారో తెలిసినవాళ్లకు ఇందులో ఆశ్చర్యం లేదు.

దీనికి గట్టి అభ్యంతరాలున్నాయి. డ్రైవింగ్ స్కూళ్లు బాగుపడితే చాలదా అన్నది మొదటిది. అమెరికాలోని జార్జియాలో 1970ల చివర డెకాల్బ్ ప్రాంతంలో సుమారు పదహారు వేల మంది విద్యార్థులతో దీన్ని పరీక్షించారు. మంచి శిక్షణ వల్ల ప్రమాదాలు నిలకడగా తగ్గిన దాఖలా లేదు. శిక్షణ అవసరమే, కానీ అది అనుభవానికి బదులు కాదు. రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. 1986 నుంచి 2007 దాకా అమెరికా లెక్కలు చూసిన ఒక అధ్యయనంలో, దశలవారీ నియమాలు గట్టిగా ఉన్నచోట పదహారేళ్లవాళ్ల ప్రాణాంతక ప్రమాదాల రేటు 26 శాతం తక్కువగా ఉంటే, పద్దెనిమిదేళ్లవాళ్ల రేటు 12 శాతం ఎక్కువగా తేలింది. షరతులు తప్పించుకోవడానికి చాలామంది పద్దెనిమిది దాకా ఆగి, అనుభవం లేకుండానే రోడ్డెక్కడం దీనికి ఒక కారణం కావచ్చు. ఇది దశల పద్ధతికి ఎదురుదెబ్బలా కనిపిస్తుంది. జాగ్రత్తగా చూస్తే మన చట్టానికే తగులుతుంది, ఎందుకంటే మనం చేస్తున్నది సరిగ్గా ఇదే: అందరినీ పద్దెనిమిది దాకా ఆపి, ఆపై ఒక్కసారిగా వదిలేయడం. తప్పు చేసిన మైనర్‌ను పాతికేళ్ల దాకా లైసెన్సుకు దూరం చేస్తే నేర్చుకోవడం ఇంకా ఆలస్యమవుతుంది, లేదా అతను లైసెన్సు లేకుండానే నడుపుతాడు. న్యూజెర్సీ ఈ లోపాన్ని ముందే మూసేసింది. ఇరవై ఒకటి నిండని కొత్తవాళ్లందరికీ అక్కడ షరతులున్నాయి. 2006లో ప్రమాదంలో పోయిన ఒక అమ్మాయి పేరు మీద వచ్చిన చట్టంతో 2010 నుంచి వాళ్ల నంబరు ప్లేట్లకు చిన్న ఎర్ర స్టిక్కర్ కూడా చేరింది. ఒక మరణం ఆ చట్టాన్ని కదిలించింది, కానీ చట్టం శిక్ష దగ్గర ఆగలేదు. అక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు పిల్లల కార్లకు ఆ స్టిక్కర్లు అంటించుకునే తిరుగుతున్నాయి.

ఓటు హక్కున్న వ్యక్తిని రాత్రిపూట ఆపడం ఏమి న్యాయం అని అడగొచ్చు. ఆంటారియోలో నలభై ఏళ్ల కొత్త చోదకుడికీ దశలు తప్పవు; ప్రశ్న వయసుది కాదు, అనుభవానిది. మన లెర్నర్ లైసెన్సు కూడా వయసుతో నిమిత్తం లేకుండా ‘ఎల్’ బోర్డు, పక్కన లైసెన్సున్న మనిషి ఉండాలంటుంది. ఆ సూత్రాన్ని ముప్పై రోజులకే ముగించడమే విచిత్రం. హెల్మెట్లే పెట్టించలేని చోట ఇదెవరు అమలు చేస్తారన్న మాటలో నిజముంది. అయితే అమెరికాలోనూ వీటిని అమలు చేసింది ముఖ్యంగా పోలీసులు కాదు, తల్లిదండ్రులు. “చట్టం ఒప్పుకోదురా” అని తాళాలు లోపల పెట్టేందుకు ఇంట్లోవాళ్లకు ఒక ఆధారం దొరికింది. ఇక్కడ బీమా కూడా ఉంది. అర్హత లేని చోదకుడి కేసులో బాధితుడికి కంపెనీ చెల్లించి ఆ సొమ్మును యజమాని నుంచి రాబట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. షరతు ఉల్లంఘనకూ ఆ సూత్రం వర్తిస్తే చలానా కంటే పదునుగా పనిచేస్తుంది. ఊళ్లో బస్సు రాని పిల్లలు కాలేజీకి ఎలా వెళ్లాలన్న ప్రశ్నకు మాత్రం చట్టంలో జవాబు లేదు. అది ఆర్టీసీ రూట్లలో దొరకాలి. చదువుకూ ఉద్యోగానికీ వెళ్లేవారికి మినహాయింపు ఇచ్చే పద్ధతి కొన్ని అమెరికా రాష్ట్రాల్లో ఉంది, దాన్ని మనమూ తీసుకోవచ్చు.

2022లో మన రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. వారిలో మూడింట రెండొంతుల మంది 18 నుంచి 45 ఏళ్ల మధ్యవారు. గీతకు అవతల జరుగుతున్న నష్టం అది. 199ఎ ఉండాలి, దాన్ని తీసేయమనడం లేదు. దాని పక్కన ఇంకో సెక్షన్ కావాలి. కొత్త లైసెన్సుదారుకు మొదటి ఏడాది రాత్రి పది తర్వాత ఒంటరి డ్రైవింగ్ వద్దు, కుటుంబసభ్యులు కానివాళ్లను ఒక్కరికి మించి ఎక్కించుకోవద్దు, రక్తంలో మద్యం సున్నా ఉండాలి. ఈ రోజు అలాంటి నియమం ఏదీ లేదు. పద్దెనిమిది నిండిన కుర్రాడు ఎల్‌ఎల్‌ఆర్ తీసుకుని, ముప్పై రోజులాగి, ఆర్టీఏ ఆఫీసులో టెస్టు పాసై, ఆ రాత్రే నలుగురు స్నేహితులతో ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే, అతన్ని ఆపగలిగే సెక్షన్ మన చట్టంలో ఒక్కటీ లేదు.