ఓరుగల్లు సీమ, దూరదేశపు సరుకు, దిగుమతి సుంకం

జయశంకర్ భూపాలపల్లి జిల్లా గణపురం మండలంలోని చెల్పూర్‌ను నేడు ఎక్కువమంది కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్న ఊరుగానే ఎరుగుదురు. అయితే ఆ కేంద్రానికి పేరిచ్చిన రాజవంశం రామప్ప గుడినీ, గణపురం కోటగుళ్లనూ, పెద్ద చెరువులనూ మాత్రమే మిగిల్చి పోలేదు. సముద్రం కనుచూపు మేరలో లేని ఓరుగల్లు నుంచి పాలిస్తూనే, ఓడల్లో వచ్చే సరుకుపై రాజు ఎంత తీసుకోవాలో, ఏది ముట్టుకోకూడదో రాతి మీద చెక్కించిన వంశం కూడా అదే.

1199 నుంచి 1262 వరకు పాలించిన గణపతిదేవుడు తీరాంధ్రను జయించిన తరువాత, నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి కాకతీయ రాజ్యానికి ముఖ్యమైన రేవు అయింది. అక్కడి వీరభద్రాలయంలో శక సంవత్సరం 1166లో, అంటే 1244–45లో, వేయించిన శాసనాన్ని చరిత్రకారులు అభయ శాసనం అని పిలుస్తారు. పూర్వపు రాజులు తుపాను దెబ్బకు దారి తప్పి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల్లోని బంగారాన్ని, ఏనుగులను, గుర్రాలను, రత్నాలను బలవంతంగా స్వాధీనం చేసుకునేవారని అందులో దాపరికం లేకుండా ఒప్పుకొని, ప్రాణం కన్నా ధనమే మిన్న అనుకొని సముద్రయానానికి తెగించిన వర్తకుల నుంచి తాను నిర్ణీత శుల్కం తప్ప మరేమీ తీసుకోనని గణపతిదేవుడు ప్రకటించాడు. ఎగుమతి, దిగుమతులు రెండింటిపైనా ఆ శుల్కం ముప్పయ్యో వంతు, అంటే నూటికి మూడుకు కాస్త పైన. గంధం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, సీసం, పట్టు, పగడాలు, మిరియాలు, పోకలు వంటి సరుకులకు విడివిడిగా రేట్లు కూడా శాసనంలో ఉన్నాయి.

దీన్ని రాజుగారి దయగా మాత్రమే చదివితే సగమే అర్థమవుతుంది. సైన్యానికి కావలసిన మేలుజాతి గుర్రాలు సముద్రం మీదుగానే రావాలి గనుక, వర్తకుడు భయపడి మరో రేవుకు మళ్లితే నష్టం ఓరుగల్లుకే. పైగా వర్తకుణ్ణి బెదరగొట్టేది సుంకం ఎక్కువగా ఉండటం కన్నా అది ఎంతో ముందుగా తెలియకపోవడం. రేటు తెలిస్తే దాన్ని ధరలో కలుపుకొని అమ్ముకోగలడు, తెలియకపోతే బయలుదేరనే బయలుదేరడు. 13వ శతాబ్దం చివర మార్కో పోలో వర్ణించిన ముత్‌ఫిలి రాజ్యం ఈ మోటుపల్లి పేరుతోనే ప్రసిద్ధమని, అక్కడి వజ్రాలను, సన్నని వస్త్రాలను ఆయన మెచ్చుకున్నాడని పండితుల అభిప్రాయం. కాకతీయుల పతనం తరువాత 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి ఇదే రేవులో మరో శాసనం వేయించి, వర్తకులకు మరిన్ని రాయితీలు ఇచ్చాడు.

నిజాం కాలానికి పరిస్థితి తలకిందులైంది. రాజ్యానికి సొంత తీరమే లేనందున మచిలీపట్నం రేవుపై ఆధారపడవలసి వచ్చింది; 1802లో ఈస్టిండియా కంపెనీతో కుదిరిన వాణిజ్య ఒప్పందం పరస్పర సరుకుపై సుంకాన్ని నూటికి ఐదుగా నిర్ణయించింది. కరోడ్‌గిరి అని పిలిచే సుంకాల శాఖ సంస్థానపు ఖజానాకు ముఖ్యమైన ఆదాయ మార్గాల్లో ఒకటి. 1889లో బెజవాడ వరకు రైలు మార్గం పూర్తయ్యాక సరుకు రాకపోకలు తేలికైనా, ఒకే భాష మాట్లాడే ఓరుగల్లు, బెజవాడల మధ్య సుంకపు హద్దు మాత్రం అలాగే నిలిచింది. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం కస్టమ్స్‌ను కేంద్రం జాబితాలో చేర్చిన తరువాత ఆ అంతర్గత హద్దుకు క్రమంగా కాలం చెల్లింది.

ఇప్పుడు చెల్పూర్‌లో ఎవరైనా విదేశీ వెబ్‌సైట్‌లో వస్తువు కొంటే, దానికి వర్తించేవి 1962 నాటి కస్టమ్స్ చట్టం, 1975 నాటి టారిఫ్ చట్టం. సుంకం లెక్కించేది వస్తువు ధర మీద మాత్రమే కాదు. రవాణా, బీమా ఖర్చులు కూడా కలిపిన విలువ మీద. ఆ విలువ వెయ్యి రూపాయలు, మూల సుంకం నూటికి పది, సమీకృత జీఎస్టీ నూటికి పద్దెనిమిది అని ఉదాహరణకు అనుకుంటే, మూల సుంకం 100 రూపాయలు, ఆ సుంకంపై పదో వంతు చొప్పున సాంఘిక సంక్షేమ సర్‌చార్జి 10 రూపాయలు, ఇవన్నీ కలిసిన 1,110పై జీఎస్టీ 199.80, వెరసి 309.80 రూపాయలు అవుతుంది. కొనుగోలుదారును ఎక్కువగా తికమక పెట్టేది ఈ సుంకంపై పన్నే. కొరియర్ సంస్థ తన సేవా రుసుమును దీనికి అదనంగా వసూలు చేస్తుంది గనుక, ఆ మొత్తమంతా ప్రభుత్వానికే చేరుతుందనుకోవడం పొరపాటు. ఐదు వేల రూపాయల లోపు కానుకలకు పూర్వం ఉన్న మినహాయింపును, రాఖీల వంటి కొన్నింటికి తప్ప, 2019 డిసెంబరులో తొలగించారు.

వివాదం సాధారణంగా రేటు దగ్గర కన్నా విలువ దగ్గరే పుడుతుంది. బిల్లులో చూపిన ధరను అధికారి నమ్మకపోతే విలువను తిరిగి నిర్ణయించవచ్చు. దిగుమతిదారు అందుకు ఒప్పుకోని పక్షంలో కారణాలు వివరిస్తూ 15 రోజుల్లో రాతపూర్వకమైన ఉత్తర్వు ఇవ్వాలని కస్టమ్స్ చట్టంలోని 17వ సెక్షన్ నిర్దేశిస్తుంది, ఆ ఉత్తర్వు అందిన 60 రోజుల్లోగా కమిషనర్ (అప్పీల్స్)కు అప్పీలు చేసుకోవచ్చు.