ఆగిన గుండెను నడిపించే విద్య: అఫ్జల్‌గంజ్ నుంచి భూపాలపల్లి దాకా

మనిషి గుండె ఆగిపోతే ఆసుపత్రికి చేర్చడం తప్ప మామూలు మనుషులు చేయగలిగింది ఏమీ లేదని మనలో చాలామంది నేటికీ నమ్ముతారు. ఒకప్పుడు ఆ నమ్మకం నిజమే. అది నిజం కాకుండా పోయి ఆరు దశాబ్దాలు దాటింది. ఆ మార్పు ఎలా వచ్చిందో తెలిస్తే, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో నేడు మనం చేయవలసిందేమిటో బోధపడుతుంది.

ఈ చరిత్రలో మన హైదరాబాదుకూ ఒక అధ్యాయం ఉంది. 1847 నుంచి శస్త్రచికిత్సల్లో క్లోరోఫాం మత్తుమందుగా వాడుకలోకి వచ్చింది. అయితే ఆ మత్తులో కొందరు రోగులు బల్లమీదనే హఠాత్తుగా మరణించేవారు. ముందు ఆగేది శ్వాసా, గుండా అన్నది అప్పటి వైద్యలోకాన్ని వేధించిన ప్రశ్న. దానిని తేల్చడానికి నిజాం సంస్థానంలోని సర్జన్ ఎడ్వర్డ్ లారీ పూనుకున్నారు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వ సహాయంతో 1888లో ఒకటి, 1889లో మరొకటి, రెండు క్లోరోఫాం కమిషన్లు ఏర్పడ్డాయి. రెండవదానికి ‘లాన్సెట్’ వైద్యపత్రిక తరఫున లాడర్ బ్రంటన్ లండన్ నుంచి వచ్చారు. అందుకు నిజాం 1000 పౌండ్లు సమకూర్చారు. వందలాది జంతువులపై పరీక్షలు జరిపి, ముందు ఆగేది శ్వాసేనని, దానిని కనిపెట్టుకొని ఉంటే ప్రమాదం లేదని కమిషన్ ప్రకటించింది.

ఆ తీర్పు సగమే నిజం. క్లోరోఫాం మత్తు తేలికగా ఉన్న వేళ గుండె కింది గదులు లయ తప్పి, రక్తాన్ని నెట్టలేక వణుకుతూ ఉండిపోగలవని 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై ప్రయోగాలతో నిరూపించారు. పెద్దల్లో అకస్మాత్తుగా గుండె ఆగడానికి ముఖ్యకారణాల్లో ఈ వణుకు ఒకటని తరువాతి కాలంలో స్పష్టమైంది. అయినా శ్వాసపై దృష్టి ఉంచమన్న హైదరాబాదు హెచ్చరిక వృథా కాలేదు. మత్తు వైద్యులు నేటికీ దానిని పాటిస్తారు.

కారణం తెలిసినంత మాత్రాన చికిత్స అందరికీ అందలేదు. ఆ రోజుల్లో ఆగిన గుండెను నడిపించాలంటే ఛాతీ కోసి, గుండెను చేతితో పిసకవలసిందే. 1947లో క్లాడ్ బెక్ అనే అమెరికన్ సర్జన్ 14 ఏళ్ల బాలుడి గుండెకు నేరుగా విద్యుత్ షాక్ ఇచ్చి బతికించారు. అదీ ఆపరేషన్ గదిలోనే, ఛాతీ తెరిచి ఉన్నప్పుడే జరిగింది. ఆపరేషన్ గదికి బయట గుండె ఆగినవారికి మాత్రం ఆశ లేదు.

ఆ గోడను బద్దలుకొట్టిన సంవత్సరం 1960. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో కౌవెన్‌హోవెన్ అనే విద్యుత్ ఇంజనీరు, నికర్‌బాకర్ అనే యువ పరిశోధకుడు, జూడ్ అనే సర్జన్ కలిసి ఒక వ్యాసం ప్రచురించారు. అంతకుముందు కుక్కలపై ప్రయోగాల్లో షాక్ పరికరాన్ని ఛాతీకి గట్టిగా అదిమినప్పుడు రక్తపోటు పెరగడాన్ని నికర్‌బాకర్ గమనించారు. కత్తి అవసరం లేదు, ఛాతీ మధ్యభాగాన్ని పైనుంచి లయబద్ధంగా నొక్కితే చాలు, మెదడుకు కొంత రక్తం అందుతుందని వారు చూపించారు. దాదాపు అదే కాలంలో నోటితో శ్వాస అందించే పద్ధతి మేలైనదని పీటర్ సఫార్, జేమ్స్ ఎలామ్ నిరూపించారు. ఈ రెండూ కలిసినదే మనం నేడు సి.పి.ఆర్. అంటున్న విద్య. ఇక వైద్యుడే కావాలన్న నియమం పోయింది. దగ్గర ఉన్న మనిషి రెండు చేతులు చాలు.

1966లో బెల్‌ఫాస్ట్ నగరంలో పాంట్రిడ్జ్ అనే వైద్యుడు షాక్ పరికరాన్ని వాహనంలో రోగి ఇంటికే పంపడం ప్రారంభించారు. మన తెలుగునాట 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైంది. 2016 అక్టోబరులో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి కొత్త జిల్లాలయ్యాయి. మహబూబాబాద్‌కు 2022లోను, జనగామ, భూపాలపల్లిలకు 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. అంతకుముందు పెద్దాసుపత్రి అంటే వరంగల్ ఎం.జి.ఎం. మాత్రమే. ఇది గొప్ప ముందడుగు, సందేహం లేదు.

కాని లెక్క చూడండి. గుండె ఆగిన నాలుగైదు నిమిషాల్లో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఎవరూ ఛాతీ నొక్కకపోతే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం సుమారు 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. అడవి అంచున ఉన్న గూడేనికో, మానుకోట తండాకో నాలుగు నిమిషాల్లో చేరగల అంబులెన్స్ ఏ దేశంలోనూ లేదు. కళాశాల ఎంత దగ్గరగా కట్టినా ఆ నాలుగు నిమిషాలు పక్కింటివారివే.

అందువల్ల మీరు నేర్చుకోవలసింది ఇది. పడిపోయిన మనిషిని భుజం తట్టి పిలవండి. పలకక, మామూలుగా ఊపిరి తీయక ఉంటే గుండె ఆగినట్లే భావించండి. ఎగశ్వాసను ఊపిరిగా పొరబడవద్దు. ఒకరిని 108కు ఫోను చేయమనండి. రోగిని గట్టి నేలపై వెల్లకిల పడుకోబెట్టి, ఛాతీ నడిమి ఎముక కింది సగంపై ఒక అరచేతి మడమ, దానిపై రెండో చేయి ఉంచి, మోచేతులు వంచకుండా 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కండి. ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వండి. అలసిపోతే మరొకరు అందుకోవాలి. సహాయం వచ్చేదాకా ఆపవద్దు. శిక్షణ లేనివారు పెద్దలకు నోటితో శ్వాస ఇవ్వకపోయినా నొక్కడం ఒక్కటే మేలు చేస్తుంది. నీట మునిగినవారికి, పసిపిల్లలకు మాత్రం శ్వాస కూడా అవసరం.

పక్కటెముక విరుగుతుందేమో అన్న భయం, పరాయి స్త్రీ ఛాతీపై చేయి వేయడమా అన్న సంకోచం సహజమే. విరిగిన ఎముక అతుకుతుంది. పోయిన ప్రాణం రాదు. మహిళా సంఘాల్లోని ఆడవాళ్లు ఈ విద్య నేర్చుకుంటే ఆ సంకోచానికీ చోటుండదు. భూపాలపల్లి సింగరేణి గనుల్లో ప్రథమ చికిత్స శిక్షణ కొత్త సంగతి కాదు. గనిలో నేర్చిన ఆ విద్యను కార్మిక సోదరులు ఇంటికి, వాడకు తీసుకురావాలి. ఒకనాడు ఆపరేషన్ గదిలో బందీగా ఉన్న ఈ చికిత్స మన వాకిట్లోకి వచ్చింది. ఈ ఆదివారం ఇంట్లో ఒక దిండుపై రెండు నిమిషాలు సాధన చేసి చూడండి, పిల్లలకూ నేర్పండి.